ఎలిజబెత్ జిమ్మర్‌మన్

ఎలిజబెత్ జిమ్మర్‌మన్ (ఆగష్టు 9, 1910 - నవంబర్ 30, 1999) ఇంగ్లాండులో జన్మించి అమెరికా సంయుక్త రాష్ట్రాలలో స్థిరపడిన ప్రముఖ చేతి అల్లిక నిపుణురాలు, ఉపాధ్యాయిని మరియు రచయిత్రి. ఊలు అల్లేవారు అచ్చయిన సూచనలను గుడ్డిగా అనుసరించనవసరం లేదని, కొద్దిపాటి లెక్కతో తమ స్వెట్టర్‌ను తామే రూపొందించుకోగలరని ఈమె జీవితాంతం బోధించింది. అతుకులు లేకుండా గుండ్రంగా అల్లే పద్ధతిని, ఎడమచేత ఊలు పట్టి అల్లే ఐరోపా ఖండపు పద్ధతిని అమెరికాలో తిరిగి ప్రచారంలోకి తెచ్చినవారిలో ఈమె ముఖ్యురాలు. ఊలు, సూదులు, పుస్తకాలు తపాలా ద్వారా అమ్మే స్కూల్‌హౌస్ ప్రెస్ అనే సంస్థను నెలకొల్పింది. 1971లో వెలువడిన నిట్టింగ్ వితౌట్ టియర్స్ ఈమె రచనలలో మిక్కిలి ప్రసిద్ధి చెందినది.

బాల్యము, విద్యాభ్యాసము

ఎలిజబెత్ పుట్టింటి పేరు లాయిడ్-జోన్స్. ఈమె తండ్రి బ్రిటిష్ నౌకాదళంలో అధికారి. ఆ కాలపు ఇంగ్లాండులో మధ్యతరగతి కుటుంబాల ఆడపిల్లలకు అల్లిక నేర్పడం ఆనవాయితీ. ఎలిజబెత్ కూడా చిన్నతనంలోనే తల్లి, పినతల్లుల వద్ద అల్లిక నేర్చుకున్నది. వారు నేర్పినది ఊలును కుడిచేత పట్టి సూది చుట్టూ విసిరే ఇంగ్లీషు పద్ధతి. తరువాత ఇంట్లో పిల్లలను చూసుకోవడానికి వచ్చిన ఒక స్విస్ ఉపాధ్యాయిని ద్వారా, ఊలును ఎడమచేతి వేలిపై ఉంచి కుడి సూదితో అందుకునే మరో పద్ధతి ఆమెకు పరిచయమైనది. ఒకే పనికి రెండు దారులున్నాయని బాల్యంలోనే తెలియడం ఆమె తరువాతి ఆలోచనలకు పునాది అయినదని చెప్పవచ్చు.

ఇంగ్లాండులో వసతి పాఠశాలలో చదివిన తరువాత ఆమె చిత్రకళ అభ్యసించడానికి స్విట్జర్లాండులోని లొసాన్ నగరానికి, అక్కడినుండి జర్మనీలోని మ్యూనిచ్ నగరానికి వెళ్ళింది. చిత్రలేఖనంలో ఆమెకు మంచి ప్రవేశమున్నది. ఆమె గీసిన, చిత్రించిన బొమ్మలు అనేకం ఆత్మకథాత్మకమైన నిట్టింగ్ అరౌండ్ గ్రంథంలో చోటుచేసుకున్నాయి.

వివాహము, వలస

జర్మనీలో ఉండగా ఎలిజబెత్‌కు ఆర్నాల్డ్ జిమ్మర్‌మన్‌తో పరిచయమైనది. అతడు బీరు తయారీలో నిపుణుడు. అప్పటికి జర్మనీలో నాజీ ప్రభుత్వం అధికారంలో ఉన్నది. హిట్లర్‌ను పరిహసిస్తూ ఆర్నాల్డ్ అన్న మాట నాజీల చెవిన పడడంతో అతడు దేశంలో ఉండడం ప్రమాదకరమైనది. వారు జర్మనీని విడిచి ఇంగ్లాండు చేరుకున్నారు, వివాహం చేసుకున్నారు, తరువాత 1937లో అమెరికాకు వలస వెళ్ళారు.

అమెరికాలో మొదట న్యూయార్క్ ప్రాంతంలో నివసించి, ఆర్నాల్డ్ ఉద్యోగరీత్యా పలుచోట్లకు మారి, చివరకు విస్కాన్సిన్ రాష్ట్రం చేరుకున్నారు. బీరు పరిశ్రమకు పేరుగాంచిన మిల్వాకీ నగరంలో ఆర్నాల్డ్ పనిచేశాడు. వీరికి ముగ్గురు సంతానం. వారిలో మెగ్ స్వాన్సన్ తల్లి వృత్తిని చేపట్టి అల్లిక రంగంలో స్వయంగా ప్రసిద్ధి చెందినది. పిల్లలను పెంచుతూ, ఇల్లు చూసుకుంటూ ఎలిజబెత్ అల్లిక మానలేదు. భర్త మోటారు సైకిలు నడుపుతుంటే వెనుక కూర్చుని అల్లేదని ఆమెను గురించి ప్రసిద్ధమైన కథనం కలదు.

పత్రికలతో అభిప్రాయభేదము

ఎలిజబెత్ తరువాతి కృషిని అర్థం చేసుకోవడానికి అల్లికలో రెండు విధానాల మధ్య తేడా తెలియాలి. సూదిమీద నిలిచే ఒక్కొక్క ఊలు ఉచ్చును కుట్టు అంటారు. ప్రధానమైన కుట్లు రెండు. ఉచ్చును ముందునుండి వెనుకకు గుచ్చి అల్లేది నిట్, దానికి వ్యతిరేకంగా అల్లేది పర్ల్. రెండు నిలువు సూదులపై అటూ ఇటూ అల్లినప్పుడు నునుపైన బట్ట రావాలంటే ఒక వరుస నిట్, తరువాతి వరుస పర్ల్ అల్లాలి. ఈ విధంగా స్వెట్టర్ ముందుభాగం, వెనుకభాగం, రెండు చేతులు విడివిడిగా తయారవుతాయి. వాటిని చివరకు సూదీదారంతో కలిపి కుట్టాలి.

రెండు పొట్టి సూదుల చివరలను వంగే తీగతో కలిపినది వలయ సూది. దానిపై గొట్టం ఆకారంలో చుట్టూ అల్లుకుంటూ పోతే బట్ట ముందువైపు ఎప్పుడూ అల్లేవారికి ఎదురుగానే ఉంటుంది. నునుపైన బట్టకు పర్ల్ కుట్టు అవసరమే రాదు. రంగుల నమూనా ఎలా వస్తున్నదో ప్రతి చుట్టులోనూ కంటికి కనబడుతుంది. మధ్యలో తొడిగి చూసుకోవచ్చు. చివరలో కుట్టి అతకవలసిన పని దాదాపు ఉండదు. స్కాట్లాండుకు ఉత్తరాన ఉన్న షెట్లాండు దీవులలోను, నార్వే తదితర దేశాలలోను జాలరుల, రైతుల కుటుంబాలు తరతరాలుగా ఇలా గుండ్రంగానే అల్లేవారు. వలయ సూదికి బదులు వారు రెండువైపులా మొన ఉన్న అనేక సూదులను వాడేవారు. ఇరవయ్యవ శతాబ్దపు అమెరికాలో మాత్రం పత్రికలు, ఊలు కంపెనీలు అచ్చువేసే సూచనలన్నీ ముక్కలుగా అల్లే విధానంలోనే ఉండేవి.

1950వ దశకంలో ఎలిజబెత్ తన నమూనాలను పత్రికలకు పంపసాగింది. మెడచుట్టూ రంగుల వలయాలు వచ్చే స్వెట్టర్‌ను ఆమె పూర్తిగా గుండ్రంగా అల్లి, సూచనలు కూడా అలాగే రాసి పంపింది. పత్రిక సంపాదకులు స్వెట్టర్‌ను స్వీకరించారు కాని, సూచనలను మాత్రం తమ పాఠకులకు అలవాటైన ముక్కల విధానంలోకి మార్చి అచ్చువేశారు. పాఠకుల చేతికి చేరినది ఆమె పద్ధతి కాదు. గుండ్రంగా అల్లితే సులభంగా వచ్చే నమూనా, ముక్కలుగా అల్లితే కష్టమవుతుంది. వెనుకవైపునుండి రంగులు లెక్కపెట్టుకుంటూ పర్ల్ అల్లాలి, ఆపైన అతుకు దగ్గర రంగులు కలవాలి. రూపకర్తగా ఆమెకు గుర్తింపు లభించినా, ఆమె చెప్పదలచిన ముఖ్య విషయం అచ్చులో మాయమైనది.

అదే కాలంలో, 1958లో, ఐర్లాండుకు చెందిన అరాన్ దీవుల శైలిలో తాళ్ళవలె పెనవేసుకునే నమూనాలతో ఆమె అల్లిన స్వెట్టర్ వోగ్ సంస్థ పత్రికలో ప్రచురితమైనది. అమెరికా పత్రికలలో వచ్చిన తొలి అరాన్ స్వెట్టర్‌గా దీనిని పేర్కొంటారు.

వార్తాలేఖ

తన సూచనలు తాను రాసినట్లే అల్లేవారికి చేరాలంటే స్వయంగా అచ్చువేయడమే మార్గమని ఎలిజబెత్ నిశ్చయించుకున్నది. 1958లో తన మొదటి వార్తాలేఖను వెలువరించింది. పత్రిక మార్చివేసిన గుండ్రటి మెడ స్వెట్టర్‌ను తన పద్ధతిలోనే అందులో వివరించింది. కొద్ది పుటల ఈ లేఖలు 1968 వరకు వెలువడ్డాయి. 1969 నుండి వీటి స్థానంలో ఊల్ గేదరింగ్ అనే పేరుతో కొంత పెద్ద పత్రిక రాసాగినది.

ఈ లేఖల రచనాశైలి అప్పటి అల్లిక పుస్తకాల శైలికి పూర్తిగా భిన్నమైనది. అప్పటి పుస్తకాలు సంక్షిప్తాక్షరాలు, అంకెలతో నిండి, ఏ వరుసలో ఏమి చేయాలో చెప్పేవే కాని ఎందుకు చేయాలో చెప్పేవి కావు. ఎలిజబెత్ ఎదురుగా కూర్చున్న స్నేహితురాలితో మాట్లాడినట్లు రాసేది. ఒక పని చేయమన్నప్పుడు కారణం కూడా చెప్పేది. ఇష్టాయిష్టాలను దాచుకునేది కాదు, హాస్యమాడేది. తన అభిప్రాయాలు తనవేనని, నచ్చనివారు మరో విధంగా చేసుకోవచ్చని పదేపదే గుర్తుచేసేది. ప్రతి కుట్టుకూ ఇతరుల సూచన కోసం ఎదురుచూసేవారిని గుడ్డిగా అనుసరించేవారని సున్నితంగా వేళాకోళం చేసేది. అయినా వారికోసం కూడా వివరమైన సూచనలు ఇచ్చేది. ఆలోచించి అల్లేవారికి మాత్రం నాలుగైదు వాక్యాల సారాంశం చాలునని ఆమె అభిప్రాయం.

ఊలు, సూదుల వ్యాపారము

గుండ్రంగా అల్లడానికి తగిన వలయ సూదులు, రంగు స్వెట్టర్లకు తగిన అసలైన ఊలు సాధారణ దుకాణాలలో కోరినట్లు దొరికేవి కావు. అందువలన ఎలిజబెత్ 1950వ దశకం చివరలో ఇంటినుండే తపాలా ద్వారా వీటిని అమ్మడం ప్రారంభించింది. ఈ చిన్న వ్యాపారమే తరువాత స్కూల్‌హౌస్ ప్రెస్‌గా రూపొందినది. విస్కాన్సిన్ రాష్ట్రంలోని బాబ్‌కాక్ అనే చిన్న ఊరి సమీపంలో జిమ్మర్‌మన్ దంపతులు ఒక పాత బడి భవనాన్ని నివాసంగా మార్చుకున్నారు. బడి ఇల్లు అనే అర్థం వచ్చే ఈ పేరు అక్కడినుండే వచ్చినది.

ఆమె అమ్మిన ఊలులో షెట్లాండు దీవుల సన్నని రంగు ఊలు, ఐస్‌లాండు నుండి వచ్చే వడకని ఊలు, రంగు వేయని సహజమైన గొర్రె ఊలు ముఖ్యమైనవి. ఐస్‌లాండు ఊలు దారంగా పురిపెట్టకుండా పలుచని చక్రాలుగా చుట్టి వస్తుంది. చేత్తో లాగితే తెగిపోయే ఈ ఊలు అల్లిన తరువాత తేలికగా, వెచ్చగా నిలుస్తుంది. చిలపలను ఉండలుగా చుట్టుకోవడం, ఒకే స్వెట్టర్‌కు కావలసిన ఊలంతా ఒకేసారి కొనడం వంటి మెలకువలను కూడా ఎలిజబెత్ తన పాఠకులకు తెలిపేది.

కృత్రిమ దారాలు మార్కెట్టును ముంచెత్తుతున్న కాలంలో ఆమె ఊలు పక్షాన నిలిచింది. ఊలు సాగి తిరిగి యథాస్థితికి వస్తుంది, తడిసినా వెచ్చదనం పోదు, సులభంగా మండదు, అల్లికలోని చిన్న హెచ్చుతగ్గులు ఉతికినప్పుడు సర్దుకుంటాయి. ఎన్నో గంటలు వెచ్చించి అల్లే వస్త్రానికి నాసిరకం దారం వాడడం శ్రమను వృథా చేయడమేనని ఆమె భావన.

అల్లిక పద్ధతులు

శాతాల పద్ధతి

ఎలిజబెత్ పేరుతో అన్నిటికంటే ఎక్కువగా ముడిపడినది శాతాల పద్ధతి. దీనిని ఆమె పేరుతో ఈపీఎస్ అని వ్యవహరిస్తారు. మనిషి ఒంటి చుట్టుకొలతకు, మణికట్టు, చేయి, మెడ కొలతలకు మధ్య ఉండే నిష్పత్తి దాదాపు స్థిరమన్నది దీని ఆధారం. ఒంటి భాగానికి కావలసిన కుట్లను 100 శాతంగా తీసుకుంటే, మణికట్టు వద్ద 20 శాతం, చేయి పైభాగంలో సుమారు 33 నుండి 35 శాతం, ఒక్కొక్క చంక వద్ద 8 శాతం, మెడ వద్ద 40 శాతం కుట్లు సరిపోతాయి.

ఉదాహరణకు స్వెట్టర్ చుట్టుకొలత 40 అంగుళాలు కావాలి, అల్లికలో అంగుళానికి 5 కుట్లు వస్తున్నాయి అనుకుంటే ఒంటికి 200 కుట్లు కావాలి. మణికట్టు వద్ద 40 కుట్లతో మొదలుపెట్టి, క్రమంగా పెంచుతూ చేయి పైభాగానికి 66 కుట్లకు చేరాలి. ఒంటిని, రెండు చేతులను మూడు గొట్టాలుగా చంక వరకు అల్లి, ఒక్కొక్క చంక వద్ద ఒంటినుండి 16, చేతినుండి 16 కుట్లను విడిచిపెట్టి, మిగిలినవాటిని ఒకే వలయ సూదిపై కలపాలి. అప్పుడు సూదిపై 268 కుట్లు ఉంటాయి. అక్కడినుండి భుజాలమీదుగా అల్లుకుంటూ కుట్లు తగ్గిస్తూ మెడ వద్ద 80కి చేరితే స్వెట్టర్ పూర్తి అవుతుంది. విడిచిన చంక కుట్లను చివర కలిపివేయాలి.

ఈ లెక్కలో ఊలు మందం, సూది పరిమాణం, మనిషి వయసు ఏదైనా ఫరవాలేదు. పసిపిల్లకైనా, పెద్దవారికైనా ఒకే లెక్క. అచ్చయిన సూచన కావాలంటే అందులో చెప్పిన ఊలే దొరకాలి, అందులో ఉన్న కొలతలలో ఒకటే కావాలి. శాతాల పద్ధతి తెలిసినవారికి ఆ నిర్బంధం లేదు.

పై శాలువ

1974లో వెలువడిన నిటర్స్ ఆల్మనాక్ గ్రంథంలో జూలై నెల అల్లికగా ఎలిజబెత్ ఒక గుండ్రటి శాలువను వివరించింది. వృత్తపు వ్యాసార్థం రెట్టింపైతే పరిధి కూడా రెట్టింపవుతుందన్న గణిత సూత్రమే దీని ఆధారం. అందువలన దీనికి పై శాలువ అనే పేరు వచ్చినది. 9 కుట్లతో మధ్యనుండి మొదలుపెట్టి వాటిని 18 చేస్తారు. 3 చుట్లు అల్లిన తరువాత 36, మరి 6 చుట్ల తరువాత 72, 12 చుట్ల తరువాత 144, 24 చుట్ల తరువాత 288, 48 చుట్ల తరువాత 576 కుట్లు అవుతాయి. మధ్యలో ఎక్కడా పెంచడం గాని తగ్గించడం గాని ఉండదు. కుట్లు పెంచే చుట్ల మధ్య ఉన్న స్థలంలో అల్లేవారు తమకు నచ్చిన జాలీ నమూనాను నింపుకోవచ్చు. లెక్కపెట్టవలసిన పని తక్కువ కనుక వేసవి ప్రయాణాలలో అల్లడానికి ఇది అనుకూలమని ఆమె సూచించింది.

పసిపిల్లల ఆశ్చర్యపు కోటు

1968లో ఎలిజబెత్ రూపొందించిన బేబీ సర్‌ప్రైజ్ జాకెట్ ఆమె నమూనాలలో అత్యంత ప్రజాదరణ పొందినది. 160 కుట్లతో మొదలై, ప్రతి వరుసా నిట్ కుట్టుతోనే అల్లే ఈ వస్త్రం సూదిపై ఉన్నంతసేపు వంకరటింకర ముక్కలా కనబడుతుంది. ముగించిన తరువాత కాగితపు బొమ్మను మడిచినట్లు మడిస్తే చేతులతో సహా చిన్న కోటు ప్రత్యక్షమవుతుంది. భుజాలపై రెండు అతుకులు మాత్రమే కుట్టాలి. బొత్తాల రంధ్రాలను రెండువైపులా అల్లి, పుట్టినది ఆడబిడ్డో మగబిడ్డో తెలిసిన తరువాత ఒకవైపు రంధ్రాలపై బొత్తాలు కుట్టవచ్చు.

ఇతర పద్ధతులు

రెండువైపులా మొన ఉన్న సూదులపై మూడు నాలుగు కుట్లతో గుండ్రటి తాడు అల్లే ఐ-కార్డ్ అనే ఉపాయాన్ని ఎలిజబెత్ విస్తృతంగా వాడి అంచులకు, బొత్తాల ఉచ్చులకు అన్వయించింది. ఊలును సూదీదారంతో కుట్టి సాగే అంచుగా ముగించే పద్ధతి, అల్లిక పూర్తయిన తరువాత ఒక కుట్టు కత్తిరించి జేబు అమర్చే పద్ధతి కూడా ఆమె పేరుతో ప్రచారంలోకి వచ్చాయి. గొట్టంగా అల్లిన స్వెట్టర్‌ను కుట్టుమిషనుతో రెండు గీతలు కుట్టి, వాటి మధ్య కత్తెరతో నిలువునా కత్తిరించి, ముందు తెరుచుకునే స్వెట్టర్‌గా మార్చడాన్ని ఆమె ధైర్యంగా బోధించింది. చేత అల్లినదానిని కత్తిరించడమంటే భయపడేవారికి, ఊలు కుట్లు పక్కలకు సులభంగా ఊడిపోవని వివరించింది.

ఇన్ని ఉపాయాలు వెలువరించినా వాటిని తాను కనిపెట్టినట్లు ఎలిజబెత్ చెప్పుకోలేదు. రెండు సూదులు, ఊలు ఉన్నచోట ఏదో ఒక కాలంలో ఎవరో ఒకరు ఇదే పని చేసి ఉంటారని, తాను దానిని మరల వెలికితీశానేగాని సృష్టించలేదని ఆమె భావించింది. ఈ భావానికి ఇంగ్లీషులో అన్‌వెంట్ అనే కొత్త మాటను కూడా కూర్చింది. ఆ మాట అల్లికదారుల వాడుకలో స్థిరపడినది.

సాధారణ సందేహాలకు ఆమె సమాధానాలు

కొత్తగా అల్లిక నేర్చుకునేవారు అడిగే ప్రశ్నలకు ఎలిజబెత్ తన పుస్తకాలలో ఓపికగా సమాధానమిచ్చింది. వాటిలో ముఖ్యమైనవి ఈ క్రింద పేర్కొనబడినవి.

* గేజ్: ఒక అంగుళంలో ఎన్ని కుట్లు వస్తున్నాయన్నదే గేజ్. స్వెట్టర్ కొలత సరిగా రావడానికి ఇదే ప్రాణమని ఆమె నొక్కిచెప్పింది. పై ఉదాహరణలో అంగుళానికి 5 కుట్లు అనుకున్న చోట నాలుగున్నర వస్తే 200 కుట్ల స్వెట్టర్ 40 అంగుళాలకు బదులు 44 అంగుళాలు దాటుతుంది. సూదిపై ఉన్న అంకె ముఖ్యం కాదు, వచ్చే కుట్లు ముఖ్యం. నమూనా ముక్క అల్లడం విసుగనిపిస్తే ఒక టోపీ అల్లి దానిపై కొలుచుకోమని సలహా ఇచ్చింది. అప్పుడు కొలతా తెలుస్తుంది, టోపీ కూడా మిగులుతుంది.
* బిగువు: అమెరికాలో, ఇంగ్లాండులో చాలామంది బిగువుగా అల్లడమే నైపుణ్యమనుకునేవారు. వదులుగా అల్లితే చేతులకు శ్రమ తగ్గుతుందని, బట్ట మెత్తగా ఉంటుందని, కుట్ల హెచ్చుతగ్గులు ఉతికితే సర్దుకుంటాయని ఆమె చెప్పింది.
* ఏ చేతితో ఊలు పట్టాలి: ఎడమచేత ఊలు పట్టే పద్ధతి ఆమెకు ఇష్టం. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో జర్మనీతో ముడిపడినదన్న భావంతో ఈ పద్ధతి ఇంగ్లాండు, అమెరికాలలో వెనుకబడినది. ఎలిజబెత్ దానిని తిరిగి బోధించింది. అయితే రెండు రంగులతో అల్లేటప్పుడు ఒక రంగును కుడిచేత, మరొక రంగును ఎడమచేత పట్టుకోవచ్చు కనుక రెండు పద్ధతులూ నేర్చుకోవడం మేలన్నది ఆమె అభిప్రాయం.
* పర్ల్ కుట్టు: తనకు పర్ల్ కుట్టుపై ఉన్న అయిష్టతను ఆమె దాచుకోలేదు. వీలైనచోట గుండ్రంగా అల్లి గాని, ప్రతి వరుసా నిట్ అల్లి గాని దానిని తప్పించేది.
* పొడవు చాలకపోతే: పూర్తయిన స్వెట్టర్‌లో ఒక కుట్టును కత్తిరించి ఆ వరుస ఊడదీసి, విడివడిన కుట్లను సూదిపైకి తీసుకుని క్రిందికి అల్లుకుంటూ పొడవు పెంచవచ్చు. అదే విధంగా తగ్గించవచ్చు.
* ఉతకడం: గోరువెచ్చని నీటిలో నెమ్మదిగా ముంచి, పులమకుండా నీరు తీసివేసి, బల్లపరుపుగా పరచి ఆకారం సరిచేసి ఆరబెట్టాలి.

టెలివిజన్, శిబిరాలు

1960వ దశకంలో ఎలిజబెత్ మిల్వాకీ నగరపు ప్రజా టెలివిజన్ కేంద్రం ద్వారా ది బిజీ నిటర్ అనే అల్లిక పాఠాల కార్యక్రమాన్ని నిర్వహించింది. తరువాతి కాలంలో కుమార్తె మెగ్‌తో కలిసి మరికొన్ని దృశ్య పాఠాలను రూపొందించింది. ముద్రిత సూచనలో అర్థంకాని చేతి కదలికలు తెరపై కనబడడం వలన ఇవి దూరప్రాంతాల వారికి ఉపయోగపడ్డాయి.

1974లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు విస్తరణ కార్యక్రమంలో భాగంగా ఆమె అల్లిక శిబిరాన్ని ప్రారంభించింది. ఏటేటా జరిగిన ఈ శిబిరానికి అల్లికదారులు తమ స్వెట్టర్లను తెచ్చి చూపించి, తాము చేసిన మార్పులను వివరించేవారు. ఎలిజబెత్ తరువాత మెగ్ ఈ శిబిరాలను కొనసాగించింది.

రచనలు

* నిట్టింగ్ వితౌట్ టియర్స్ (1971) - గేజ్, ఊలు, సూదులు, అతుకులు లేని స్వెట్టర్లు, ఉతికే విధానం.
* నిటర్స్ ఆల్మనాక్ (1974) - పన్నెండు నెలలకు పన్నెండు అధ్యాయాలు. జనవరిలో అరాన్ స్వెట్టర్, జూలైలో శాలువ, డిసెంబరులో పండుగకు ముందు త్వరగా ముగించగల స్వెట్టర్ ఇందులో ఉన్నాయి.
* నిట్టింగ్ వర్క్‌షాప్ (1981) - టోపీతో మొదలుపెట్టి క్రమంగా కష్టమైనవాటిని నేర్పే పాఠ్యగ్రంథం.
* నిట్టింగ్ అరౌండ్ (1989) - అల్లిక నమూనాలతో పాటు ఆత్మకథ.
* ది ఒపీనియనేటెడ్ నిటర్ (2005) - 1958 నుండి 1968 వరకు వెలువడిన వార్తాలేఖల సంకలనం. మరణానంతర ప్రచురణ.
* నిట్ వన్ నిట్ ఆల్ (2011) - నిట్ కుట్టుతోనే అల్లే నమూనాల సంకలనం. మరణానంతర ప్రచురణ.

చివరి రోజులు, ప్రభావము

1989లో ఎలిజబెత్ క్రియాశీల వృత్తి జీవితం నుండి విరమించింది. స్కూల్‌హౌస్ ప్రెస్ బాధ్యతలను మెగ్ స్వాన్సన్ చేపట్టింది. ఆ సంస్థ ఎలిజబెత్ పుస్తకాలతో పాటు బార్బరా వాకర్ కుట్ల సంకలనాల వంటి, దొరకకుండా పోయిన ముఖ్య గ్రంథాలను పునర్ముద్రించింది. 1999 నవంబర్ 30న ఎలిజబెత్ తన 89వ ఏట విస్కాన్సిన్ రాష్ట్రంలో మరణించింది. న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఆమె జీవితంపై సంస్మరణ వ్యాసం ప్రచురించింది. గృహిణుల కాలక్షేపంగా భావించబడిన పనికి ఒక జాతీయ దినపత్రిక అటువంటి గుర్తింపు ఇవ్వడం విశేషం.

2000ల తరువాత అల్లికపై యువతలో ఆసక్తి పెరిగినప్పుడు ఎలిజబెత్ పుస్తకాలు కొత్త పాఠకులను సంపాదించుకున్నాయి. ఆల్మనాక్‌లోని ఫిబ్రవరి నెల పసిపిల్లల స్వెట్టర్‌ను పెద్దల కొలతకు మార్చి రూపొందించిన నమూనా ఒకటి 2008లో వెలువడి బహుళ ప్రచారం పొందినది. శాతాల పద్ధతిని తరువాతి రూపకర్తలు తమ అవసరాలకు తగినట్లు సవరించి వాడుకున్నారు. ఆమె ఇచ్చిన అంకెలను మార్చుకోవడం ఆమె బోధనకు విరుద్ధం కాదు. తన నమూనాను ఉన్నదున్నట్లు అనుసరించినవారికంటే, దానిని అర్థం చేసుకుని మార్చుకున్నవారినే ఎలిజబెత్ తన నిజమైన విద్యార్థులుగా భావించింది.